కొల్లేటి ఒడ్డున చలికాలం: ఇల్లు నడుపుకునే తీరు

కొల్లేరు లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. కార్తికం దాటాక మబ్బులేని రాత్రి నేల చల్లబడగానే నీటి మీది తేమ పొగమంచుగా ఊరంతా కమ్ముకుంటుంది. మా లంక గ్రామాలకు కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలూ, పనులన్నీ ఎండ పొడను బట్టి పెట్టుకోండమ్మా.

బట్టల పనే పెద్దది. మంచు విడిచాకే ఉతికి, తీగ మీద మడత పడకుండా ఆరేయండి. సాయంత్రం నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయాలి, లేదంటే ఆరిన చీర కూడా మళ్లీ తేమ పీల్చుకుంటుంది. లంగా బొందు దూర్చే మడతను, నిక్కరు నడుము పట్టీని వేళ్లతో నొక్కి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. అలాగే పెట్టెలో పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది.

ఉప్పు, అప్పడాలు బిగుతు మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి. పసిపిల్లలకు తలస్నానం ఎండెక్కాకే. చలి వేస్తోందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మాత్రం మూయకండి. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

చేపల చెరువు ఉన్న ఇల్లయితే, ఎండ రాని పొద్దున గట్టు మీదికి వెళ్లి చూడాలి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గినట్టు. మేత ఆపి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పండి.

సెలవు రోజున పిల్లలను ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లండి. గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే కాలమిది. కేకలు వేయనివ్వకండి, తల్లి బెదిరి లేస్తే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి.