పర్లాకిమిడి వైపు పిల్లలను ట్రైనింగ్‌కి పంపేముందు, పంపాక

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగరం దగ్గర పల్లె. మహిళా సంఘం పని మీద తిరుగుతూ తొమ్మిదేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలను ట్రైనింగుల్లో చేర్పిస్తున్నాను. అంతకుముందు నేనూ అలా వెళ్ళినదాన్నే. నా 19వ ఏట మా అమ్మ చెవి దిద్దులు తాకట్టు పెట్టి ఒక ఏజెంటు చేతిలో 3,000 రూపాయలు పోసింది. తిరుప్పూరులో మిషను పని అన్నాడు. తీరా వెళ్తే పొద్దున్నుంచి రాత్రి దాకా దారాలు కత్తిరించడమే పని. రెండు నెలలకు తిరిగొచ్చేశాను. తర్వాత సంఘంలో ఒక అప్ప చెబితే, పైసా కట్టకుండా కుట్టుమిషను ట్రైనింగ్ చేసి మళ్ళీ అదే తిరుప్పూరు వెళ్ళి మూడేళ్ళు పనిచేశాను.

ఇన్నేళ్ళలో ఒకటి గమనించాను. ట్రైనింగులో ఉండగా మానేసే పిల్లలు తక్కువ. చేరకముందు కాగితాల దగ్గర ఆగిపోయేవాళ్ళు, ఉద్యోగంలో చేరాక మూడు నెలల లోపు ఇంటికొచ్చేసేవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ రెండింటి గురించి ఎక్కువ రాస్తాను.

ముందు పేరు చూడండి

మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియావాళ్ళు చివర రాస్తారు. బడి సర్టిఫికెట్‌లో మాస్టారు ఇంటిపేరు చివర పెట్టి ఉంటారు. ఆధార్‌లో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. మనకు ఒక్కతే లక్ష్మి, కంప్యూటరుకు ముగ్గురు లక్ష్ములు. మా పెదనాన్న మనవరాలు ఏడాదిన్నర పనిచేసి వచ్చాక, పుట్టిన తేదీ తేడా వల్ల పీఎఫ్ డబ్బు నెలల తరబడి చేతికి రాలేదు. అప్పటి నుంచి ఏ పిల్ల వచ్చినా ఏ పని నేర్చుకోవాలో మాట్లాడకముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుతాను.

పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే దాన్నే అసలుగా పట్టుకోండి. బోర్డు కాగితం మార్చడం కష్టం, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోవడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆధార్ సెంటర్లో స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివాకే సరే అనండి. బ్యాంకుకు వెళ్ళి "ఆధార్ ఇచ్చామా" అని కాదు, "డీబీటీకి సీడింగ్ అయిందా", అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా పడేలా ఆధార్‌తో ముడిపెట్టారా అని అడగండి. ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ డబ్బు అందులో పడదు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పటికీ మన దగ్గరే ఉందా అన్నదీ చూడండి. చాలామందిది మేనమామ పాత సిమ్ అయి ఉంటుంది. రేపు ఓటీపీ కావాలంటే మామ ఎక్కడో చెన్నైలో ఉంటాడు.

బోర్డర్ ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. పాతపట్నం వైపు నుంచి కోడలుగా వచ్చిన అమ్మాయి ఆధార్‌లో ఆంధ్రా అడ్రస్ ఉంటుంది, రేషన్ కార్డు మాత్రం ఇక్కడిది. ఒడిశా పథకానికి ఒడిశా అడ్రస్ కావాలి, ముందు అది మార్పించండి. కుల ధ్రువపత్రం మాత్రం పుట్టింటి వైపుదే, పెళ్ళితో కులం మారదు. పైగా రెండు రాష్ట్రాల కులాల జాబితాలు ఒకటి కావు. అక్కడి కాగితం ఇక్కడ చెల్లుతుందని అనుకోకుండా తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఎవరికి ఏది

ఇంట్లో రెండేళ్ళు ఆగగలిగితే, పిల్లకో పిల్లాడికో పదహారు పదిహేడు ఏళ్ళుంటే, నేను ఐటీఐకే పంపమంటాను. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఏడాది. ఆ సర్టిఫికెట్ దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, తర్వాత అప్రెంటిస్‌గా స్టైపెండ్ మీద పని నేర్చుకోవచ్చు. అమ్మాయిలకు ఒడిశా ప్రభుత్వం సుదక్ష్య పథకం కింద ఐటీఐ ఫీజుకూ హాస్టల్ ఖర్చుకూ సాయం చేస్తోంది. ఆడపిల్లకు రెంచీ పని ఏటని అనేవాళ్ళను ఒకసారి బరంపురం ఐటీఐ చూసి రమ్మంటాను. పాత ఇనప సామానుతో అక్కడి పిల్లలు చేసిన బొమ్మలు చూస్తే ఇక ఆ మాట అనరు.

అంత ఆగలేని ఇళ్ళకు దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది, అందరూ డీడీయూ అంటారు. 2014లో మొదలైంది, ఒడిశాలో ఒర్మాస్ సంస్థ చూస్తుంది. పల్లెల్లోని పేద ఇళ్ళ పిల్లలకు వయసు 15 నుంచి 35. ఆడవాళ్ళకు, వికలాంగులకు, మన గుమ్మ, సెరంగో వైపు లాంజియా సవరల వంటి తెగలకు 45 వరకు. బీపీఎల్ కార్డు లేదని వెనక్కి పోకండి. ఇంట్లో ఎవరైనా మహిళా సంఘంలో ఉన్నా, నిరుడు ఉపాధి హామీలో కనీసం 15 రోజులు పని చేసి ఉన్నా అర్హతే. జాబ్ కార్డు వెంట తీసుకెళ్ళండి. మీ పంచాయతీ గ్రామ రోజ్‌గార్ సేవక్‌ను అడిగితే ట్రైనింగ్ కావాల్సినవాళ్ళు పేరు రాయించుకునే కౌశల్ పంజీలో పేరు ఎలా ఎక్కించాలో చెబుతాడు. కనీసం మూడు నెలల కోర్సు. హాస్టల్ ఉన్న సెంటర్లలో ఉండటానికీ తినడానికీ ఏమీ కట్టక్కర్లేదు.

ఊరు వదల్లేనివాళ్ళకు, ఇంట్లో ముసలివాళ్ళను చూసుకోవాల్సినవాళ్ళకు ఆర్‌సెటి, అంటే సొంతంగా పని పెట్టుకోవడం నేర్పే సెంటర్, మంచిది. జిల్లాకొకటి ఉంటుంది, బ్యాంకు నడుపుతుంది. మేకల పెంపకం, మొబైల్ రిపేరు, టైలరింగ్ లాంటివి కొద్ది వారాల్లో భోజనం పెట్టి నేర్పిస్తారు. తర్వాత రెండేళ్ళపాటు లోను పనుల్లో వెంట ఉంటారు.

డీడీయూ, ఆర్‌సెటి రెండూ డబ్బు కట్టే పథకాలు కావు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, సీటు ఖాయం చేయడానికి అడ్వాన్స్, ఏ పేరుతో అడిగినా ఇవ్వకండి.

సెంటర్లో ఏం అడగాలి

నాన్ననో అన్ననో తీసుకుని మీరే ఒకరోజు వెళ్ళి చూడండి. హాస్టల్ బాత్‌రూమ్ తలుపుకు గడియ పడుతుందా చూడండి. కిందటి బ్యాచ్‌లో చదివిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి అక్కడే ఫోన్ చేయండి. ఎక్కడ పనిచేస్తున్నారు, చేతికి ఎంత వస్తోంది, గదిలో ఎంతమంది అని అడగండి. నంబర్లు ఇవ్వని సెంటర్‌కు నేను పిల్లలను పంపలేదు.

డీడీయూ రూల్ ప్రకారం సెంటర్ తను నేర్పినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. మూడు నెలలు వరసగా జీతం పడినట్టు స్లిప్పులు ఉంటేనే అది ఉద్యోగంగా లెక్క. ఈ సంగతి తల్లిదండ్రులకు తప్పక చెప్తాను. ఆ మూడు నెలలూ సెంటర్‌కు మీ పిల్ల అక్కడ నిలబడటం అవసరం. కష్టం వస్తే అప్పుడే ఫోన్ చేసి పట్టుబట్టండి.

జీతం లెక్క ఇంట్లో ముందే వేయండి

నేను ఎక్కువ గొడవలు చూసింది ఇక్కడే. ఆఫర్ లెటర్‌లో 12,000 అని ఉందనుకోండి. మొత్తం మీద పీఎఫ్ కోస్తే 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ 0.75 శాతం, 90. మిగిలింది 10,470. హాస్టలుకూ తిండికీ 2,500 పట్టుకుంటే చేతికి 7,970. మొదటి నెల మధ్యలో చేరితే అందులో సగమే. నాన్నేమో పన్నెండు వేలు వస్తాయని అప్పులవాడికి మాట ఇచ్చి ఉంటాడు. "పన్నెండని చెప్పి ఎనిమిదే పంపింది, మిగతాది ఏటి చేస్తంది గుంట?" అని నా ముందే అన్నారు ఒకాయన. ఆ మాట ఫోన్‌లో విన్న పిల్ల అక్కడ ఎలా నిలబడుతుంది?

అందుకే బయల్దేరకముందు అమ్మానాన్నలను కూర్చోబెట్టి కాగితం మీద ఈ లెక్క వేయండి. పీఎఫ్‌కు యజమాని కూడా మరో 12 శాతం వేస్తాడని, అందులో ఎక్కువ భాగం పిల్ల పెన్షన్ ఖాతాకు, మిగతాది పీఎఫ్‌కు పోతుందని చెప్పండి. ఈఎస్ఐ కార్డుతో జబ్బు చేస్తే వైద్యం దొరుకుతుందని చెప్పండి. మొదటి రెండు నెలలు ఇంటికి ఏమీ పంపనవసరం లేదని నాన్న నోటితోనే అనిపించండి. నేనలా అనిపించిన ఇళ్ళ పిల్లలు ఎక్కువ కాలం నిలబడ్డారు.

మొదటి మూడు నెలలు

ఒంటరిగా పంపకండి. ఒక ఊరి నుంచి కనీసం ఇద్దరు, ఒకే గదిలో. సవర పిల్లలకు ఇది మరీ ముఖ్యం, అక్కడ వాళ్ళ భాష మాట్లాడే మనిషి మరొకరు ఉండరు. ట్రైనింగులో ఉండగానే హిందీ మాటలు కొన్ని వచ్చేలా చూడండి. జ్వరంగా ఉంది, మిషను ఆగింది, జీతం తక్కువ పడింది, ఈ మూడూ చెప్పగలిగితే చాలా గండాలు దాటుతాయి.

సంక్రాంతిని లెక్కలోకి తీసుకోండి. డిసెంబరులో చేరినవాళ్ళు పండక్కి వస్తారు, కనుమ తర్వాత రైలెక్కరు. నా చేతిలో ఉంటే పండగ వెళ్ళాకే పంపుతాను.

ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. మొదటి వారం ఏడుస్తారు, ఏడవనిస్తాను. మూడో వారం టార్గెట్ అందలేదని టెన్షన్ పడతారు. అప్పుడు నేను గంటకు ఎన్ని కాలర్లు కుట్టగలిగేదాన్నో, ఎన్ని రోజులకు చేయి తిరిగిందో చెప్తాను. తిండి పడటం లేదంటే చోడిపిండి (రాగిపిండి) పార్సిల్ చేయమని వాళ్ళ అమ్మకు చెప్తాను. కానీ ఎవరైనా చెయ్యి వేశారన్నా, బయటికి వెళ్ళనివ్వడం లేదన్నా, సర్టిఫికెట్లు పట్టుకున్నారన్నా ఓర్చుకోమని ఎప్పుడూ చెప్పను. 112కి, ఆడపిల్లయితే 181కి ఫోన్ చేయమంటాను, అదే రోజు సెంటర్‌కూ నేను చేస్తాను. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకూడదు, జిరాక్సులే ఇవ్వాలి.

తిరిగొచ్చేస్తే తిట్టకండి. ఎన్ని రోజులు చేసినా ఆఖరి జీతం స్లిప్, అనుభవం లెటర్, పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు తెచ్చుకోమనండి. పీఎఫ్ వెంటనే తీసేయకండి, కొత్త చోట అదే యూఏఎన్ ఇస్తే పాతది కలుస్తుంది. ఎనిమిది నెలలు చేసిన కాగితం చూపిస్తే రెండోసారి హెల్పర్‌గా కాకుండా ఆపరేటర్‌గా తీసుకుంటారు. నిరుడు అయిదు వారాలకే వచ్చేసిన ఒక కుర్రాడు మళ్ళీ వెల్డింగ్ బ్యాచ్‌లో చేరి ఇప్పుడు విశాఖలో ఉన్నాడు. వాడి కాగితాలన్నీ ఫొటోలు తీసి నా ఫోన్‌లోనూ వాళ్ళ అమ్మ ఫోన్‌లోనూ పెట్టించాను, ఆదివారం ఫోన్ ఇంకా చేస్తూనే ఉన్నాను.