ఊళ్లో చిన్న మ్యూజియం పెట్టాలంటే ముందు రిజిస్టర్ కొనండి

మా నెల్లూరు జిల్లాలో ఊరి చరిత్రకి ఒక గదైనా పెడదామని చాలామందికి ఉంటది గానీ, అందరూ బిల్డింగు, అద్దాల బీరువాలు, ఓపెనింగ్‌కి ఎవర్ని పిలవాలి, వీటి దగ్గరే మొదలుపెడతారు. అవన్నీ తర్వాత. ముందు లావుపాటి రిజిస్టర్ ఒకటి కొనండి. వస్తువు వచ్చిన రోజే నంబరేసి, ఎవరిచ్చారు, యాడ వాడారు, దేనికి వాడారు, పూర్తిగా ఇచ్చేశారా లేక చూపించడానికేనా అన్నీ రాసి సంతకం పెట్టించుకోండి, లేకపోతే రేపు వాళ్ల మనవడొచ్చి మా తాత కుంచం మాకిచ్చేయండి అంటే నోరెళ్లబెట్టాల్సిందే. నంబర్ పెయింటుతో రాయొద్దు, అట్టముక్క మీద రాసి నూలుదారంతో కడితే చాలు.

గింజలు కొలిచే సోలలు, మానికలు కుప్పలుగా వస్తాయి. అన్నీ వరసగా పేరిస్తే ఎవరూ చూడరు. ఒక్కటే పెట్టి, దాని అంచు ఒకవైపే ఎందుకరిగిందో ఇచ్చిన అవ్వనడిగి ఆమె మాటల్లోనే పక్కన రాయండి. ఇత్తడి కనపడగానే చింతపండేసి తోమేస్తాం కదా, ఇక్కడ మాత్రం వద్దు, పెళ్లికి పెట్టినప్పుడు గిన్నె మీద కొట్టించిన పేరు, తేదీ తోమీతోమీ అరిగిపోతాయి, మీకు కావాల్సింది అవే.

శాసనాలకైతే 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడున్నాయి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే కాబట్టి ఆ వైపు వాళ్లూ అందులో తమ ఊరి పేరు వెతుక్కోవచ్చు. రాయిని గుళ్లోంచి పీక్కురావద్దు, సున్నం పూయొద్దు. ఎండ పక్కనుంచి పడే టైంలో ఫోటో తీస్తే అక్షరాలు లేచి కనపడతాయి, దాన్నే ఫ్రేమ్ కట్టించండి.

పొలం దున్నుతుంటే పాత నాణేలు దొరికాయని ఎవరన్నా తెస్తే మాత్రం తీసుకోవద్దు సామీ. 1878 నాటి చట్టం ప్రకారం అట్టా దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.

ఇంకోటి, మనుషుల మాటలు. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం నాటి అమ్మలు మీ చుట్టుపక్కల ఉంటే ముందు వాళ్ల దగ్గరికెళ్లండి. "ఉద్యమం గురించి చెప్పమ్మా" అంటే మీటింగులో మాట్లాడినట్టు రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. "ఆరోజు సారా అంగడి కాడికి ఎవరెవరు పోయినారు, చేతిలో ఏముండాది" అని అడగండి, ఇక ఆపమన్నా ఆపరు. ఫ్యాన్ ఆపేసి ఫోన్ దగ్గరగా పెట్టండి, ఆ ఆడియోకి కూడా రిజిస్టర్ నంబరేసి ఇంకోచోట కాపీ పెట్టుకోండి.