పికప్ కాదు, బ్రిడ్జి కింద వైరు

బేస్ గిటార్‌ని ఆంప్‌కి పెట్టగానే ఒకటే హమ్. కేబుల్ మార్చినా అంతే. పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తీగలు పట్టుకుంటే మోత తగ్గలేదు కానీ, కేబుల్ గుచ్చే జాక్ దగ్గర లోహాన్ని ముట్టుకుంటే టక్కున ఆగింది. అంటే తీగలకు గ్రౌండ్ అందడం లేదన్నమాట. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు చోట్ల మధ్య కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే మోడ్‌లో) పెట్టి, బ్రిడ్జికీ (తీగలు ఆనే లోహపు పలక) జాక్ స్లీవ్‌కీ (జాక్‌లో గ్రౌండ్ భాగం) మధ్య చూస్తే బీప్ రాలేదు.

తీగలు వదులు చేసి బ్రిడ్జి ఎత్తాను. గ్రౌండ్ వైరు ఉంది, కొస మాత్రం నల్లబడి చెక్క రంధ్రంలోకి జారిపోయింది. కొత్తగా ఒలిచి, పోగులు విసనకర్రలా పరిచి, బ్రిడ్జి అడుగున గరుకు కాగితంతో రుద్ది స్క్రూలు బిగించాను. టంకం అవసరమే పడలేదు. బీప్!

ఇంకా సన్నటి హమ్ మిగిలింది. అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల లక్షణం. నా రెండు పికప్‌లూ ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టినవి కాబట్టి, రెండు వాల్యూమ్‌లూ సమానంగా పెడితే అదీ పోతోంది.