కుక్క, పిల్లి గోళ్ల సమస్యలు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కుక్క నడుస్తుంటే నేల మీద టకటకా చప్పుడు

గోళ్లు పెరిగాయని తెలిపే మొదటి గుర్తు ఇదే. గట్టి నేల మీద కుక్క నిటారుగా నిలబడినప్పుడు గోళ్లు నేలకు తగలకూడదు. తగులుతుంటే అడుగు వేసినప్పుడల్లా నేల గోటిని పైకి నెడుతుంది, వేలు పక్కకు వంగుతుంది. అలా నెలల తరబడి సాగితే పాదం వాటం మారి కీళ్ల మీద బరువు పడుతుంది. ముసలి కుక్కలు నున్నటి నేల మీద జారడానికి ఇదీ ఒక కారణం.

మామూలుగా కుక్కకు 3, 4 వారాలకోసారి, పిల్లికి 2, 3 వారాలకోసారి కత్తిరిస్తే సరిపోతుంది. రోజూ గరుకు రోడ్డు మీద నడిచే కుక్కకు కొంత దానంతటదే అరుగుతుంది. కాబట్టి తేదీని కాదు, గోటిని చూడండి.

కొంచెం కత్తిరించినా రక్తం వస్తోంది

గోరు లోపల రక్తనాళం, నరం ఉన్న మెత్తని కండ ఉంటుంది. తెల్ల గోళ్లలో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది. చాలాకాలం కత్తిరించకపోతే గోటితో పాటు ఆ కండా ముందుకు పెరుగుతుంది. అందుకే ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చి ఒకేసారి పొట్టిగా చేద్దామంటే కుదరదు. వారానికోసారి కొసను కాస్త కాస్త తీస్తూ పోతే కండ మెల్లగా వెనక్కి తగ్గుతుంది. నెలలు పట్టొచ్చు, తొందరపడొద్దు.

నల్ల గోళ్లతోనే అందరికీ టెన్షన్. సన్నని ముక్కలుగా కోస్తూ, ప్రతిసారీ కోసిన చోటును ఎదురుగా చూడండి. మొదట పొడిగా, సుద్దలా ఉంటుంది. మధ్యలో ముదురు రంగు చుక్క కనిపించగానే ఆపేయండి.

కండ తెగితే కంగారు పడకండి, మీ కంగారు కుక్కకో పిల్లికో కూడా అంటుకుంటుంది. స్టిప్టిక్ పౌడర్ (రక్తం ఆపే పొడి) గానీ, అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది 5 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. మధ్యలో తీసి చూస్తే రక్తం మళ్లీ మొదలవుతుంది. అరగంటైనా ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గోరు చీలుతోంది, నలుగుతోంది

కట్టర్ మొద్దుబారింది. కొత్తది కొనండి. మనుషుల నెయిల్ కట్టర్ గోటిని రెండు వైపులా నొక్కి చితక్కొడుతుంది, దాన్ని పక్కన పెట్టండి.

కాలు లోపలి వైపు నాకుతోంది, కొద్దిగా కుంటుతోంది

కుక్కకైనా పిల్లికైనా ముందు కాళ్ల లోపలి వైపు, కాస్త పైన ఒక గోరు ఉంటుంది. అది నేలకు ఆనదు, అరగదు. పొడవు బొచ్చున్న వాటిలో దాని సంగతే మర్చిపోతాం. అది గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది. ముసలి పిల్లులకు మిగతా గోళ్లు కూడా ఇలాగే అవుతాయి. కీళ్ల నొప్పులతో గీకడం తగ్గి, పాత పొరలు రాలక గోరు మందమై అరికాలి మెత్తలోకి గుచ్చుకుంటుంది. గోరు లోపలికి దిగిపోతే ఇంట్లో లాగకండి. డాక్టర్ తీసి పుండుకు మందు ఇస్తారు.

పట్టుకోనివ్వదు, కరవబోతుంది

ఇంతకు ముందెప్పుడో నొప్పి కలిగి ఉంటుంది, లేదా పాదం తాకడమే అలవాటు లేకపోయి ఉంటుంది. బలవంతంగా అదిమి పట్టుకుంటే ఈసారికి పని జరుగుతుందేమో గానీ, వచ్చేసారి కట్టర్ కనిపించగానే మంచం కిందికి దూరుతుంది. కొన్ని రోజులు పాదం తాకి తినడానికేమైనా పెట్టండి, అంతే. తర్వాత కట్టర్ గోటికి ఆనించి, తినడానికి పెట్టండి. ఆపైన రోజుకు ఒక్క గోరు. అన్నీ ఒకే పూట అవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. పిల్లి అయితే అది మగతగా ఉన్నప్పుడు, వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది.

గోళ్లు కత్తిరించినా పిల్లి సోఫా గీకుతోంది

గీకడం దాని స్వభావం. పాత పొర రాల్చుకోవడానికి, తన వాసన వదలడానికి గీకుతుంది. కత్తిరిస్తే సోఫాకు నష్టం తగ్గుతుందే గానీ గీకడం మానదు. సోఫా పక్కనే ఊగకుండా నిలిచే, పిల్లి ఒళ్లంతా సాగదీసుకునేంత ఎత్తున్న గీకుడు స్తంభం పెట్టండి. మూలన దాచిపెడితే దాని వైపు కూడా చూడదు.

కట్టర్‌తో పని లేని సందర్భాలు

ఒక వేలు మాత్రమే వాచినా, గోటి మొదట్లో చీము, దుర్వాసన ఉన్నా, కారణం లేకుండా గోళ్లు ఒక్కొక్కటిగా ఊడుతున్నా అది పెరుగుదల సమస్య కాదు. ఇన్ఫెక్షన్, రోగనిరోధక వ్యవస్థ సొంత గోళ్ల మీదే దాడి చేసే జబ్బు, ఒక్కోసారి కణితి కూడా కావచ్చు. సగం విరిగి వేలాడే గోరూ అంతే. శుభ్రమైన గుడ్డ చుట్టి నేరుగా డాక్టర్‌కు చూపించండి.