పీడీఎఫ్ మీద ఇద్దరి డిజిటల్ సంతకాలు: ముందు ఎవరు, తాళం ఎప్పుడు

చిత్తూరులో తోతాపురి గుజ్జు ఎగుమతి చేసే యూనిట్ ఒప్పందం ఉందనుకోండి. మేనేజరు, తర్వాత యజమాని సంతకం పెట్టాలి. మేనేజరు పెట్టేటప్పుడే 'లాక్ డాక్యుమెంట్ ఆఫ్టర్ సైనింగ్' దగ్గర టిక్ కొడితే అంతే సంగతులు, యజమానికి చోటుండదు. ఆ టిక్ చివరివాళ్లది.

ఇంకా కట్టడి కావాలంటే అక్రోబాట్ ప్రోలో (అడోబీ వాళ్ల పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్) రెండు సంతకం గడులూ ముందే గీసి, మేనేజరుది 'సర్టిఫై'తో, అంటే తర్వాత ఏ మార్పులు చేయొచ్చో నిర్ణయించే సంతకంగా పెట్టించండి. ఇది మొదటి సంతకానికే కుదురుతుంది. అనుమతుల్లో ఫారం నింపడం, సంతకాలు మాత్రం ఉన్నదాన్ని ఎంచుకోండి. మార్పులేవీ వద్దంటే రెండో సంతకమూ పడదు.

సంతకాలయ్యాక 'ప్రింట్ టు పీడీఎఫ్' కొట్టకండి. చూడ్డానికి సంతకం అలాగే కనిపిస్తుంది కానీ అది వట్టి బొమ్మ. సంతకమైన ఫైలునే పంపాలి.

అవతలివాళ్లకు పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే కంగారొద్దు. చాలాసార్లు వాళ్ల రీడర్‌కు సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాలు జారీ చేసే సంస్థలకు లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ విభాగం) రూట్ సర్టిఫికెట్ మీద, అంటే మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనదాని మీద, నమ్మకం కుదరకపోవడమే కారణం. సంతకం ప్రాపర్టీస్‌లో సర్టిఫికెట్ తెరిచి, గొలుసులో పైనున్న ఆ రూట్‌ను సరిచూసుకుని, 'ట్రస్ట్' ట్యాబ్‌లో చేర్చుకోవాలి.

టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం), దాని పిన్ రెండూ ఆడిటర్ ఆఫీసు సొరుగులో పెట్టడం చాలాచోట్ల మామూలే. అలా ఇచ్చాక పై కట్టడులన్నీ ఉత్తుత్తివే.