జేన్ ఆస్టిన్ చమత్కారం చేజారకుండా చదవడం ఎలా

జేన్ ఆస్టిన్ నవలను మొదటిసారి చేతిలోకి తీసుకున్న పాఠకులు కొందరు, విందులు, నృత్యాలు, పెళ్లి సంబంధాలు తప్ప ఇందులో ఇంకేమీ లేదనుకుని సగంలోనే పక్కన పెట్టేస్తారు. ఆ నవలల్లో ఏం జరుగుతున్నదో తెలుసుకుంటే సరిపోదు. ప్రతి మాటా ఎవరి నోటి నుంచి, ఎవరి అవసరం కొద్దీ వస్తున్నదో కూడా గమనించాలి. 1775లో హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ గ్రామంలో చర్చి మతగురువు కూతురిగా పుట్టి, 1817లో 41 ఏళ్లకే కన్నుమూసిన ఆమె, పల్లెటూళ్లలోని నాలుగు స్థితిమంతుల కుటుంబాల రాకపోకల నుంచే ఒక సమాజపు లోగుట్టు మొత్తాన్ని బయటికి తీసింది. ఆ నైపుణ్యాన్ని ఆస్వాదించాలంటే చదివే తీరును కాస్త మార్చుకోవాలి.

మొదట 1811లో రచయిత్రి పేరు లేకుండా, ‘ఒక మహిళ రచన’ అన్న మాటతో వెలువడిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ తీసుకుని, అందులోని రెండో అధ్యాయాన్ని తొందరపడకుండా చదవండి. (‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో తెలుగులోకి అనువాదమైన తమిళ సినిమాకు ఈ నవలే ఆధారం కనుక, కథ మనలో చాలామందికి కొంత పరిచయమే.) సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ ఆదుకుంటానని మరణశయ్య మీద ఉన్న తండ్రికి మాట ఇచ్చిన జాన్ డాష్‌వుడ్, ఒక్కొక్క చెల్లెలికి 1000 పౌండ్ల చొప్పున ఇవ్వాలని మనస్ఫూర్తిగానే నిశ్చయించుకుంటాడు. భార్య ఫానీ ఆ నిర్ణయాన్ని కాదనదు, గొడవపడదు. మన పసివాడికి అన్యాయం జరగదా అని మాత్రం అడుగుతుంది. దాంతో 1000 కాస్తా 500 అవుతుంది. అది కూడా ఎక్కువేననిపించి, సవతి తల్లికి ఏటా 100 పౌండ్లు ఇస్తే చాలునని జాన్ అంటే, ఆమె మరో పదిహేనేళ్లు బతికితే మనం మోసపోయినట్టేనని ఫానీ అంటుంది. ఆ మాట అప్పుడప్పుడు ఇచ్చే 50 పౌండ్ల కానుకగా కుదించుకుపోయి, చివరికి ఇల్లు వెతికిపెట్టడం, సామాను తరలించడంలో సాయపడటం, రుతువును బట్టి చేపలో వేటమాంసమో పంపడం దగ్గర ఆగుతుంది. అంతటితోనైనా ఊరుకోకుండా, అత్తగారి వెంట వెళ్లిపోతున్న పింగాణీ పాత్రలు ఈ ఇంట్లో ఉన్నవాటికంటే ఎంతో బాగున్నాయని ఫానీ బాధపడుతుంది.

ఈ సన్నివేశాన్ని పైకి చదవడం మంచిది. వీలైతే ఇద్దరు కూర్చుని చెరొక పాత్రా చదవాలి. వారు దుర్మార్గులని రచయిత్రి ఒక్క మాటైనా అనకపోవడం అప్పుడు బాగా తెలిసివస్తుంది. భార్యాభర్తలిద్దరూ తాము న్యాయంగానే ఆలోచిస్తున్నామని నమ్ముతూ, మెట్టుమెట్టుగా తండ్రికిచ్చిన మాటను కరిగించేస్తారు. కుటుంబాల్లో ఆస్తి దగ్గర మనుషులు తమకు తాము ఎలా సర్దిచెప్పుకుంటారో ఇంత క్లుప్తంగా, ఇంత నిజాయితీగా చూపిన అధ్యాయం నేను మరొకటి చదవలేదు.

రెండో పని, పక్కన ఒక కాగితం పెట్టుకుని అంకెలు రాసుకోవడం. పాత్ర పేరు పక్కనే దాని వార్షికాదాయం రాయండి. 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీకి ఏటా 10,000 పౌండ్లు, బింగ్లీకి 4000 నుంచి 5000, అయిదుగురు ఆడపిల్లల తండ్రి బెనెట్‌కు సుమారు 2000. పైగా బెనెట్ ఆస్తి మగ వారసుడికే చెందాలన్న కట్టడి వల్ల, ఆయన తర్వాత అది దూరపు బంధువు కాలిన్స్‌కు పోతుంది. ఆ తరగతి స్త్రీకి పెళ్లి కాకపోతే, ఇతరుల పిల్లలకు చదువు చెబుతూ వారి ఇంట్లో బతకడం తప్ప గౌరవమైన జీవనోపాధి దాదాపు లేదు. ఈ లెక్క తెలిశాక, ధనవంతుడైన బ్రహ్మచారికి భార్య కావలసి ఉంటుందని లోకమంతా ఒప్పుకున్న సత్యంగా చెప్పే మొదటి వాక్యం వేరుగా వినిపిస్తుంది. అవసరం ఆ బ్రహ్మచారిది కాదు, ఆడపిల్లలున్న ఇరుగుపొరుగువారిది.

ఇప్పుడు 19వ అధ్యాయంలో కాలిన్స్, బెనెట్ రెండో కూతురు ఎలిజబెత్‌ను పెళ్లాడమని అడిగే ఘట్టానికి రండి. తాను పెళ్లి ఎందుకు చేసుకోవాలనుకుంటున్నాడో ఆయన వరుసగా కారణాలు చెబుతాడు. తనను పోషించే లేడీ కాథరిన్ సలహా మూడో కారణంగా వస్తుంది. దాన్ని మొదటే చెప్పి ఉండవలసిందని కూడా అంటాడు. ప్రేమ ప్రస్తావన అన్నింటి తర్వాత వస్తుంది. డబ్బు మీద తనకు ఆశే లేదంటూనే, ఎలిజబెత్‌కు రాబోయేది నాలుగు శాతం వడ్డీ వచ్చే 1000 పౌండ్లేననీ, అదీ తల్లి మరణించాకేననీ లెక్క చెబుతాడు. ఏడాదికి 40 పౌండ్లన్నమాట. నవ్వు ఆగదు, కానీ ఆ లెక్క తప్పు కాదని గుర్తుంచుకోండి. అందుకే మూడు అధ్యాయాల తర్వాత ఎలిజబెత్ స్నేహితురాలు, 27 ఏళ్ల షార్లెట్ లూకస్ ఆయన్నే ఒప్పుకుంటుంది. ఆ వార్త వినగానే, బెనెట్ ఇంకా ఎన్నేళ్లు బతుకుతాడోనని షార్లెట్ తల్లి లెక్కలు వేయడం మొదలుపెడుతుంది. అక్క పెళ్లికాకుండా ఉండిపోతుందన్న భయం తీరి తమ్ముళ్లు ఊపిరి పీల్చుకుంటారు. షార్లెట్‌ను తప్పుపట్టే ముందు ఈ పేజీని రెండుసార్లు చదవాలి.

‘ఎమ్మా’ నవలకు వచ్చేసరికి పని కష్టమవుతుంది. కథ చెబుతున్నది రచయిత్రే అయినా, చాలా వాక్యాలు కథానాయిక ఎమ్మా మనసులోని నమ్మకాలే. వాటికి ‘ఎమ్మా అనుకుంది’ అన్న గుర్తు ఉండదు. తన స్నేహితురాలు హారియెట్ చిత్రాన్ని ఎమ్మా గీస్తుంటే ఊరి మతగురువు ఎల్టన్ తెగ మెచ్చుకుంటాడు. బొమ్మలో హారియెట్ మరీ పొడుగ్గా ఉందని ఎమ్మా కుటుంబ స్నేహితుడు నైట్లీ అంటే, లేదని ఎల్టన్ వాదిస్తాడు. పటం కట్టించడానికి స్వయంగా లండన్ తీసుకువెళతాడు. అతనికి హారియెట్ మీద ప్రేమ అని ఎమ్మా నమ్ముతుంది, ఆమెతో పాటు మనమూ నమ్ముతాము. అతని మోజంతా చిత్రం గీసిన ఎమ్మా మీదనేనని తర్వాత బయటపడుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఆ సన్నివేశాన్ని మళ్లీ చదివి, ఎమ్మా అభిప్రాయాలన్నీ ఒక పెన్సిల్‌తో గీతలు పెట్టి వేరు చేయండి. మిగిలిన వాటిలో ఎల్టన్ ఉద్దేశం స్పష్టంగా కనబడుతుంది.

అదే నవలలో బాక్స్ హిల్ విహారాన్ని మాత్రం ఎవరూ దాటవేయకూడదు. వాగుడుకాయ అయినా మంచి మనసున్న మిస్ బేట్స్‌ను ఎమ్మా అందరి ముందూ ఒక చమత్కారంతో గాయపరుస్తుంది. ఆమె పేదరాలనీ, పుట్టి పెరిగిన సౌకర్యం నుంచి కిందికి జారిపోయిందనీ, ముందు ముందు ఇంకా జారవచ్చుననీ నైట్లీ ఎమ్మాను గట్టిగా మందలిస్తాడు. తన కలం బలమంతా చమత్కారమే అయిన రచయిత్రి, తెలివైన మాట ఎవరి మీద ప్రయోగిస్తే తప్పవుతుందో ఇక్కడ తేల్చి చెప్పింది. ఫానీ, కాలిన్స్ మీద మనం నవ్విన నవ్వును దీని పక్కన పెట్టి చూడండి. అధికారమో, అహంకారమో ఉన్నవారినే ఆమె నవ్వులపాలు చేస్తుంది.

ఈ మూడూ అయ్యాక ‘పర్సుయేషన్’ చదవవచ్చు. ‘నార్తాంగర్ ఆబీ’ని, ఆ కాలపు భయానక నవలల ధోరణి కొంత తెలిశాక చదివితేనే రుచి. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’కు ఓపిక ఎక్కువ కావాలి కనుక చివరికి ఉంచుకోండి. ఏది కొన్నా, ఆనాటి ఆస్తి చట్టాలనూ, బండ్లనూ, హోదాలనూ వివరించే నోట్సు ఉన్న ప్రతినే కొనండి.