ఇంట్లో ఫ్రాంకింగ్ మెషీన్ – నాలుగో పాఠం: 256 రూపాయలు 511 ఎలా అయ్యాయి?

ఫ్రాంకింగ్ మెషీన్ అంటే స్టాంపు అంటించే బదులు కవరు మీద తపాలా ముద్ర వేసి, ముందే కట్టిన డబ్బులోంచి ఆ మొత్తం తగ్గించే యంత్రం. పోయిన పాఠంలో మన నమూనా మెషీన్‌కి రెండు రిజిస్టర్లు, అంటే లెక్క దాచే చోట్లు, పెట్టుకున్నాం. ఇంతవరకు వేసిన ముద్రల మొత్తం చూపేది అసెండింగ్, మిగిలిన బ్యాలెన్స్ చూపేది డిసెండింగ్. చెన్నై పెరంబూరులో ఆదివారాలు మా ఇంటికొచ్చే పిల్లలు ఆ మెషీన్‌ను నడిపే ఆర్డుయినోను (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఆన్ చేసి ఆఫ్ చేసి అంకెలు సరిగ్గా ఉన్నాయని సంబరపడ్డారు. ఈ వారం ఆ సంబరం మీద కాస్త నీళ్ళు చల్లాలి.

బ్యాలెన్స్ 256 రూపాయలు ఉంది. ఒక రూపాయి ముద్ర వేశాం. 255 కావాలి. ఆ క్షణంలోనే ప్లగ్ పీకి మళ్ళీ పెడితే తెర మీద 511 కనిపించింది. అడక్కుండానే ఎవరో 256 రూపాయలు జమ చేసినట్టు!

జరిగింది ఇదీ. మెమరీలో ఒక్కో గదిని బైటు అంటారు, అందులో 0 నుంచి 255 దాకానే పడుతుంది. అంతకన్నా పెద్ద అంకెకు ఇంకో బైటు కావాలి, దానిలో ఒకటి అంటే 256. కాబట్టి 256 అంటే పై బైటులో 1, కింది బైటులో 0. 255 అంటే పై బైటులో 0, కింది బైటులో 255. ఆర్డుయినో ముందు కింది బైటు రాస్తుంది. అది రాసి, పై బైటు దగ్గరికి వెళ్ళేలోపు కరెంటు పోయింది. పైన పాత 1, కింద కొత్త 255, కలిపితే 511. నిజం చెప్పాలంటే ఆ సందు 3.3 మిల్లీసెకన్లే, చేత్తో పీకి పట్టుకోవడం కష్టం. అందుకే మధ్యలో ఒక సెకను ఆలస్యం పెట్టాను. చెన్నై ఎండాకాలంలో కరెంటు వస్తూ పోతూ ఉండే సాయంత్రాల్లో మాత్రం నా సాయం అక్కర్లేదు, ఏదో ఒకరోజు దానంతటదే తగులుతుంది.

1920లో అమెరికా తపాలా శాఖ అనుమతి పొందిన పిట్నీ-బోస్ మీటర్లో లెక్క పళ్ళచక్రాల మీద ఉండేది. చక్రానికి కరెంటు పోయిందన్న సంగతే పట్టదు. లెక్క చిప్‌లోకి మారాకే ఈ టెన్షన్ మొదలైంది. పైగా ఆఫీసు వాళ్ళు తపాలా శాఖకి ముందే డబ్బు కట్టి బ్యాలెన్స్ ఎక్కించుకుంటారు కాబట్టి బ్యాలెన్స్ దాచిన ఆ బైట్లు అచ్చంగా డబ్బే. (అసలు మెషీన్లకు లైసెన్సు, సీలు ఉంటాయి. వాటి మూత తీసే ఆలోచన పెట్టుకోకండి. మన పనంతా నమూనా మీదే.)

మందు పాతదే. మా తాత కిరాణా కొట్లో తప్పుపడిన లెక్కను చెరిపేసేవాడు కాదు. కింద కొత్త వరుస రాసి, సరిచూసుకున్నాకే పై వరుస కొట్టేసేవాడు. మనమూ అంతే: ఉన్న చోటే దిద్దం, కొత్త చోట రాస్తాం.

మన బోర్డు ఆర్డుయినో ఉనో. దానిలోని ఈఈప్రామ్ (కరెంటు పోయినా రాసింది చెరిగిపోని మెమరీ) 1,024 బైట్లు. దాన్ని 16 బైట్ల గడులుగా కోస్తే 64 గడులు. నాలుగు గడులు రీఛార్జి మొత్తం దాచడానికి వదిలేద్దాం, మిగిలినవి 60. ఒక్కో గడిలో అసెండింగ్ 4 బైట్లు, డిసెండింగ్ 4, వరుస సంఖ్య 4, చివర సీఆర్‌సీ (ముందున్న బైట్ల నుంచి లెక్కగట్టి, అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే సంఖ్య) 2, మొత్తం 14. ప్రతి ముద్రకీ తర్వాతి గడిలోకి వెళ్ళి రాయాలి, సీఆర్‌సీని అన్నిటికన్నా ఆఖర్న. ఆన్ చేయగానే గడులన్నీ చదివి, సీఆర్‌సీ సరిపోయిన వాటిలో వరుస సంఖ్య పెద్దదున్న గడిని తీసుకోవాలి. కరెంటు మధ్యలో పోతే సగం రాసిన గడి సీఆర్‌సీ దగ్గర పట్టుబడుతుంది, దాని ముందు గడి చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇక్కడ నేను రెండుసార్లు బోల్తాపడ్డాను. అసెండింగ్ ఎప్పుడూ తగ్గదు కదా, వరుస సంఖ్య ఎందుకు దండగ అనుకున్నాను. రీఛార్జి చేస్తే పెరిగేది డిసెండింగ్ మాత్రమే, అసెండింగ్ కదలదు. రెండు గడుల్లో అసెండింగ్ ఒకటే ఉండేసరికి ప్రోగ్రాం పాత గడిని ఎంచుకుంది, ఎక్కించిన డబ్బు కనిపించకుండా పోయింది. రెండోది, సీఆర్‌సీ లెక్కను సున్నాతో మొదలుపెట్టాను. అన్నీ సున్నాలున్న గడికి సీఆర్‌సీ కూడా సున్నాయే వస్తుంది, ఖాళీ గడి మంచి గడిలా చలామణీ అయింది. 65,535తో మొదలుపెట్టండి.

గడులు మార్చడంలో ఇంకో లాభం ఉంది. ఈ ఈఈప్రామ్‌లో ఒక్కో చోటికి లక్షసార్లు రాయడానికే హామీ. రోజుకి 400 కవర్లు పంపే ఆఫీసులో ఒకే చోట రాస్తూ పోతే 250 రోజుల్లో ఆ లక్ష అయిపోతుంది. 60 గడుల్లో తిప్పితే 15,000 రోజులు, అంటే నలభై ఏళ్ళ పైమాటే.

మరి అసెండింగ్, డిసెండింగ్ రెండూ ఎందుకు, ఒకటి చాలదా? రెండూ కలిపితే ఇప్పటిదాకా ఎక్కించిన మొత్తం రావాలి. 20,000 ఎక్కించి 15,785 వాడితే 4,215 మిగలాలి. 5 రూపాయల ముద్ర వేస్తే 15,790, 4,210, మళ్ళీ అదే 20,000. సీఆర్‌సీ చెప్పేది నువ్వు రాయాలనుకున్నదే రాశావని. రాయాలనుకున్నదే తప్పయితే దానికి తెలియదు. ఆ తప్పును పట్టేది ఈ కూడిక. సరిపోకపోతే మెషీన్ ముద్ర వేయకుండా ఆగిపోవాలి, తనంతట తాను దిద్దుకోకూడదు.

వరుస కూడా ముఖ్యమే: ముందు లెక్కలో తగ్గించాలి, తర్వాతే ముద్ర. తిరగేస్తే, ముద్ర పడగానే ప్లగ్ పీకేవాడికి తపాలా ఉచితం.

“మాస్టారూ, పెద్ద కెపాసిటర్ పెడితే ఇంత తతంగం ఎందుకు?” అంది మా బ్యాచ్‌లో ఒకమ్మాయి. మంచి ప్రశ్న. కెపాసిటర్ కాస్త కరెంటు దాచుకుని, సరఫరా పోయాక కొద్దిసేపు ఇస్తుంది. లెక్క వేద్దాం. 14 బైట్లకు 46 మిల్లీసెకన్లు పడుతుంది. బోర్డు 50 మిల్లీయాంపులు లాగుతుంది. 12 వోల్టుల సరఫరా 9కి పడగానే పసిగట్టామనుకుందాం, రెగ్యులేటర్‌కి (బోర్డుకు వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే భాగం) కనీసం 7 కావాలి. మిగిలిన 2 వోల్టుల్లో పని ముగియాలంటే సుమారు 1,150 మైక్రోఫారడ్లు. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) 2,200 అడగండి. కెపాసిటర్‌కి ముందు ఒక డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టి, మోటారును డయోడ్‌కి అవతలివైపే ఉంచండి, లేకపోతే దాచిందంతా మోటారే తాగేస్తుంది. కెపాసిటర్ తప్పకుండా పెట్టమంటాను. కానీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ వేడికి ఏళ్ళ తరబడి ఎండిపోతుంది, ఎండిపోయానని చెప్పదు. గడుల పద్ధతి దాన్ని నమ్ముకోదు.

వోల్టేజీ దిగజారుతున్నప్పుడు ప్రాసెసర్ మతి తప్పి, మంచి గడి మీదే చెత్త రాసే ప్రమాదం కూడా ఉంది. ఉనో సాధారణంగా 2.7 వోల్టుల బ్రౌన్-అవుట్ సెట్టింగుతో (వోల్టేజీ అంతకన్నా పడితే ప్రాసెసర్‌ను ఆపేసే ఏర్పాటు) వస్తుంది, ఉనో నడిచే 16 మెగాహెర్ట్జ్ వేగానికి అది చాలదు. 4.3కి మార్చాలి, దానికి విడిగా ప్రోగ్రామర్ కావాలి. అదీ, 9 వోల్టులను పసిగట్టే సర్క్యూటూ వచ్చే పాఠంలో.

ఈ వారం పని: యూఎస్‌బీ కేబుల్ తీసేయండి, లేదంటే ప్లగ్ పీకినా బోర్డు బతికే ఉంటుంది. 300 రూపాయలతో మొదలుపెట్టి రూపాయి ముద్రలు వేస్తూ, ముద్ర వేస్తుండగా మధ్యలోనే యాభైసార్లు ప్లగ్ పీకండి. ప్రతిసారీ తెర మీది రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. కూడిక 300 కాకుండా వచ్చిన వరుస కింద గీత గీసి, కాగితం వచ్చే ఆదివారం దగ్గర పెట్టుకోండి.